ఆ ఎరుపు మాది

నేను ఒక బ్యాక్టీరియాను. చేతులు కడుక్కోవడానికి లేవకండి, మీ జోలికి వచ్చే రకం కాదు నేను. ఊరి చివర గాజు ఫ్యాక్టరీ వెనక మురుగుగుంట అడుగున, నల్లటి బురదలో పుట్టాను. మా అమ్మ నడుం దగ్గర రెండుగా తెగితే నేనూ మా అక్కా అయ్యాం. పురుడూ లేదు, బారసాలా లేదు.

మీకు గాలి కావాలి. మాకు గాలి తగిలితే ప్రాణం పోతుంది. గాజులో పచ్చఛాయ పోగొట్టడానికి వాడిన సెలీనియం ఆ గుంట నీళ్లలో చేరేది. చేపలకు అది విషం, మాకు అదే ఊపిరి. దాన్ని వాడుకుని ఎర్రటి పొడిగా వదిలేస్తాం. పొడి అడుక్కి దిగితే నీళ్లలో విషం తగ్గుతుంది. ఇంత ఉపకారం చేస్తున్నామని సులోచన చెప్పేదాకా మాకూ తెలియదు.

సులోచన యూనివర్సిటీలో పరిశోధన చేసే పిల్ల. మా బురద తోడుకెళ్లి, సెలీనియం కలిపిన నీళ్ల సీసాల్లో వేసి రబ్బరు బిరడాలు బిగించింది. ఏం లాభం? మిగతా సీసాల్లోకి గాలి దూరి నా వాళ్లంతా పోయారు. మిగిలింది మా సీసా ఒక్కటే. ఇందులోనూ ఎరుపు రాకపోతే ఈ పరిశోధన మానుకొమ్మన్నారు ఆమె ప్రొఫెసర్ పరాంకుశం గారు.

ఇంతలో దసరా వచ్చింది, ల్యాబులో ఆయుధపూజ చేశారు. పరాంకుశం గారు ఎంత సైంటిస్టయినా ఆ పూట మైక్రోస్కోపుకూ బొట్టే, ఫ్రిజ్జుకూ బొట్టే, మా బిరడాకూ బొట్టే. వాళ్లావిడ పసుపులో సున్నం కలిపి ఇంట్లో చేసిన కుంకుమ అది. పూజ అయ్యాక సులోచన ఆ బొట్టు మీదనుంచే సూది గుచ్చి కాసిని నీళ్లు తీసి, సెలవులకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి సీసా ఎర్రబారి ఉంది. అదంతా మా కష్టమే.

పరాంకుశం గారు సీసా ఎత్తి చూసి పెదవి విరిచారు.

"సూది వెంట కుంకుమ దిగిందమ్మా. పారబొయ్యి."

మా పని అయిపోయిందనుకున్నాను. సులోచన మాత్రం సీసా వదల్లేదు.

"ఒక్క నిమిషం సార్. మీ ఇంటి కుంకుమైతే పులుపు తగిలితే పసుప్పచ్చగా మారాలి కదా?"

"మారుతుంది. అయితే?"

పూజకు తెచ్చిన నిమ్మకాయ ఒకటి మూల వాడిపోయి ఉంటే తెచ్చి కోసింది. ఒక గాజుగొట్టంలో కుంకుమ నీళ్లు పోసింది. ఇంకోదాంట్లో మా నీళ్లు సూదితో తీసి పోసింది. వాటితో పాటు మా బంధువులు కొందరు గాలిపాలయ్యారు, ఏడవడానికి నాకు తీరికెక్కడిది?

నిమ్మరసం పడగానే కుంకుమ నీళ్లు ఇట్టే పసుపుపచ్చనయ్యాయి. మావి ఎర్రగానే ఉన్నాయి. పరాంకుశం గారు కళ్లజోడు తుడుచుకుని చూశారు. నమ్మకం చాలక ఇంకాస్త రసం ఆయనే పిండారు. అయినా మావి ఎర్రగానే ఉన్నాయి.

"సరేనమ్మా. దీని మీదే కానియ్యి," అన్నారు.

సులోచన ఒక్కసారిగా ఊపిరి వదిలి స్టూలు మీద కూలబడింది. అంతసేపూ ఆ పిల్ల ఊపిరే పీల్చలేదు. గాలి లేకుండా బతికే విద్య మాకొక్కరికే తెలుసని ఇన్నాళ్లూ తెగ మిడిసిపడ్డాను.