పచ్చి స్లాబు

మేస్త్రమ్మకు మొగుడి మీద ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ మనిషి ఒక్క తప్పూ చేయలేదు. పాలు పొంగితే తప్పు పొయ్యిది. గోడ వంకరపోతే తూకం గుండు తాగొచ్చినట్టు. పొరపాటున ఆమె కాలు తొక్కితే, ఆ కాలు అక్కడెందుకుందని అడుగుతాడు. ఇంత నిష్కళంకుడితో కాపురం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు.

అతని చెవి మాత్రం నికార్సయినది, ఆ మాట ఒప్పుకోవాలి. చిన్న సుత్తితో స్లాబును తట్టి, తల వాల్చి వింటాడు. పండిన స్లాబు ఖంగుమంటుంది. పచ్చిది దుప్పటి కింద ముసలాడు దగ్గినట్టు మొద్దుగా పలుకుతుంది. ఆ చెవిని నమ్ముకునే ముప్పైమంది అతని స్లాబుల కింద నిలబడి పనిచేస్తారు.

ఈసారి కడుతున్నది చర్చి. ఎక్కడ కూర్చున్నా బలిపీఠం కనబడాలని ఫాదర్‌గారు నడుమ స్తంభాలు వద్దన్నారు. ముచ్చటైన ఆలోచనే. అయితే అంత వెడల్పు స్లాబును కింద నుంచి మోసే ఇనప జాకీలు ఇరవై ఎనిమిది రోజులు కదపకూడదని ఇంజనీరు ప్లాను మీదే రాశాడు. పదహారో రోజున కాంట్రాక్టరు ఆ ప్లానును మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆదివారం ప్రతిష్ఠకు బిషప్‌గారు వస్తున్నారు. ఆయన్ని జాకీల అడవిలో నిలబెడతారా?

"సెంట్రింగ్ విప్పండి, జాకీలు లాగేయండి," అన్నాడు.

కూలీల్లోంచి పొడుగోడు ముందుకొచ్చాడు. నిచ్చెన లేకుండానే అటక సర్దగలిగే మనిషి. "ఇంకా పచ్చిగా ఉంది సార్. మీద పడితే చచ్చేది మేము."

కాంట్రాక్టరు చెయ్యి విసిరాడు. మొదటి దెబ్బ అందక భుజానికి తగిలింది. ఇటుకల మీదికెక్కి రెండోది కొట్టాడు. పొడుగోడి పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీద కారింది. ఎవరికీ నవ్వు రాలేదు.

"మేస్త్రీ, నువ్వు చెప్పవయ్యా. పక్కన కట్టబోయే బడి పని కూడా నీకే అన్నాను, గుర్తుందిగా?"

మేస్త్రి పైకెక్కి స్లాబును తట్టాడు. కింద తట్ట మోస్తున్న మేస్త్రమ్మకు వినబడింది. దగ్గు. మొగుడి దగ్గర అరువు తెచ్చుకున్న చెవే ఆమెది కూడా. తలెత్తి చూసింది. అతను చూపు కలపలేదు.

"పర్లేదు. విప్పండ్రా."

"అన్న చెవి అన్నాక ఇంకేముంది," అంటూ పొడుగోడు నెత్తురు తుడుచుకున్నాడు. "జరుగు వదినా, దుమ్ము పడుద్ది." నవ్వుతూ లోపలికి వెళ్లాడు.

పదకొండో జాకీ లాగగానే సగం స్లాబు కిందికొచ్చేసింది.

దుమ్ము అణిగేసరికి బయటికి కనబడినవి పొడుగోడి రెండు పాదాలు. ఇటుకలు మోస్తున్న అతని పెళ్లాం గోళ్లు ఊడేదాకా కాంక్రీటును గీకింది. గునపాలతో ఎత్తి చూస్తే ముఖం అనేది మిగల్లేదు.

గంట తిరక్కుండా పోలీసులొచ్చారు. కాంట్రాక్టరు చేతిలో కాగితం అప్పటికే సిద్ధంగా ఉంది: చనిపోయినవాడు తాగొచ్చి, చెప్పకుండా జాకీ లాగాడు. కింద మేస్త్రి సంతకం పెడితే పని అయిపోతుంది. వెనకాలే మిగిలిన జాకీలు లాగేయడానికి కొక్కేలు, తాళ్లతో కాంట్రాక్టరు మనుషులు దిగారు. మిగిలిన సగం కూడా కూలగొట్టి పెచ్చులన్నీ ఎత్తేస్తే అది పచ్చిదని చెప్పే సాక్ష్యమే ఉండదు.

"మనకెందుకే, పోలీసులున్నారుగా," అన్నాడు ముసలి తాపీవాడు.

"ఉన్నారు. కాగితం రాసినవాడి పక్కనే ఉన్నారు," అంది మేస్త్రమ్మ. "రేపు నీ మీద పడితే నువ్వు కూడా తాగినట్టే రాస్తారు మావా. నీకు సారా వాసనే పడదు. అయినా రాస్తారు."

ముసలివాడు వెళ్లి ఒక జాకీని కావలించుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ పిలవలేదు. ముప్పైమంది చేతులు పెనవేసుకుని జాకీల చుట్టూ నిలబడ్డారు. కొత్త పెళ్లాన్ని కూడా అంత గట్టిగా పట్టుకోలేదని ఎవడో గొణిగాడు.

కాంట్రాక్టరు మనుషుల ఇనప రాడ్లు లేచాయి. ముసలి తాపీవాడి మోచెయ్యి పుల్ల విరిగినట్టు విరిగింది. అయినా రెండో చెయ్యి వదల్లేదు. కొక్కెం వేయబోయినవాడి మొహాన్ని మేస్త్రమ్మ తన తట్టతో పలకరించింది. వాడు పళ్లు ఉమ్ముతూ కూలబడ్డాడు. పొడుగోడి పెళ్లాం గోళ్లులేని చేతులతోనే రాయి విసిరింది. లాఠీలు వీపుల మీద, తలల మీద విరిగాయి. వలయం మాత్రం విరగలేదు.

ఇదంతా జరుగుతుంటే, ఆ ఉదయమే లారీలోంచి దించిన, ఫాదర్‌ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తన పెట్టెకు ఆనుకుని మేస్త్రి నిలబడి ఉన్నాడు. చేతిలో పెన్ను. పక్కన ఫాదర్‌గారు తల దించుకుని ఉన్నారు.

"పెట్టవయ్యా సంతకం," అన్నాడు కాంట్రాక్టరు. "ఎప్పుడూ తప్పు చేయనివాడివి, నీ మాటకు ఎదురుండదు."

మేస్త్రి పెళ్లాం వైపు చూశాడు. ఆమె నుదుటి నుంచి నెత్తురు కంట్లోకి దిగుతోంది. అయినా ఆ కన్ను మూయలేదు.

అతను పెన్ను కింద పడేసి సుత్తి తీశాడు. కూలిన స్లాబు పెచ్చును ఊరికే అలా తట్టాడు. గుడ్డు పెంకు పగలనంత చిన్న దెబ్బ. పెచ్చు పిండిలా రాలిపోయింది. లాఠీలు కూడా ఆగాయి.

"ఫాదర్‌గారూ, ఆ పెట్టెలో అయితే మీ చెవిలో చెప్పాలి. ఇది అందరూ వినాల్సింది." పోలీసు అధికారి ముందు రెండు చేతులూ చాచాడు. "వేయండి బేడీలు. ఇంకో జత ఈ కాంట్రాక్టరుకు తెప్పించండి, విప్పమన్నది ఆయన. ఒరేయ్, జాకీలు వదలొద్దు!"

ఇంకో మాట మిగిలింది. పద్దెనిమిదేళ్లుగా వాడని మాట, తుప్పు పట్టి ఉంటుంది. మేస్త్రమ్మ చెవి రిక్కించింది.

"పచ్చిదని నాకు తెలుసు. తెలిసే విప్పమన్నా. పొడుగోడిది కాదు... తప్పు నాది."