మూడో మలుపు దగ్గర వియ్యంకుడు

పందొమ్మిదేళ్లుగా వినోదాల పార్కులోని చెక్క రోలర్ కోస్టర్ పట్టాల వెంట రోజూ పొద్దున్నే నడుస్తున్న వడ్రంగిని ఎత్తు ఎప్పుడూ భయపెట్టలేదు, గాలీ భయపెట్టలేదు. ఆయన్ని ఇబ్బంది పెట్టింది సొంత వియ్యంకుడే. ఆ వియ్యంకుడు టైలర్. పిల్లల పెళ్లయి ఏడాది తిరక్కుండానే "మా బావగారిది పిల్లల బండికి మేకులు కొట్టే ఉద్యోగం" అని నలుగురిలో రెండుసార్లు అనేశాడు. నవ్వుతూనే అన్నాడు. వడ్రంగీ నవ్వాడు గానీ లోపల చురుక్కుమంది.

అందుకే వియ్యాలవారు చుట్టపుచూపుగా వచ్చిన మర్నాడు, ఆరింటికే ఆయన్ని లేపి పార్కుకు వెంటబెట్టుకెళ్లాడు.

వెళ్తూనే బండి నడిపే మీటకు తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

"అదెందుకు బావగారూ?" అన్నాడు వియ్యంకుడు.

"మనం పైనుండగా ఎవరైనా పొరపాటున బండి వదిలారనుకోండి, ఇక మన పిల్లలు మనల్ని ఫొటోల్లో చూసుకోవాల్సిందే."

వియ్యంకుడు ఆ తాళాన్ని తనూ ఒకసారి లాగి చూశాడు. నడుముకు బెల్టు కట్టించుకుని, దాని కొక్కెం పట్టాల వెంట కట్టిన తాడుకు తగిలించుకున్నాక దాన్నీ లాగి చూసుకున్నాడు.

పట్టాల పక్కనే చెక్కమెట్ల దారి. వడ్రంగి ప్రతి బోల్టు మీదా సుత్తితో ఒక దెబ్బ వేసి, చెవి ఒగ్గి వింటూ ఎక్కుతున్నాడు. ఖంగుమంటే ముందుకు కదులుతాడు. దబ్‌మంటే ఆగి, పానాతో బిగిస్తాడు.

"నిన్న కూడా బిగించే ఉంటారుగా?"

"చెక్క కదండీ. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. బోల్టులు ఎక్కడివక్కడ ఎందుకుంటాయి?"

మూడో మలుపు చేరేసరికి గాలి లేచింది. దూలాలన్నీ కిర్రుమన్నాయి. వియ్యంకుడు రెండు చేతులా కమ్మీ పట్టుకుని మెట్టు మీద చతికిలబడ్డాడు.

"ఊగుతోంది! బావగారూ, ఇది ఊగుతోంది!"

"ఊగేలాగే కట్టారండీ. కట్టెలా బిగుసుకుపోతే బండి బరువుకు ఎక్కడో ఒకచోట విరిగి ఊరుకుంటుంది."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. పైకీ రాలేడు, కిందకీ దిగలేడు. ఈ ఘడియ కోసమే ఏడాదిగా కాచుకున్న వడ్రంగికి తీరా చూశాక ఎగతాళి చేయబుద్ధి కాలేదు. పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"కిందకు చూడకండి. ఇదిగో, ఈ పట్టా మీది ఇనుప పట్టీనే చూస్తుండండి. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి."

వియ్యంకుడు అలాగే చూశాడు. కాసేపటికి కుదుటపడి, ఒక కన్ను మూసి, తల వాల్చి మళ్లీ చూశాడు.

"ఈ అతుకు దగ్గర మీ పట్టీ ఒక పోగు పక్కకు జరిగినట్టుందే?"

"ఇప్పుడేగా కొట్టి చూశాను, బాగానే పలికింది."

"పలకడం సంగతి నాకు తెలీదు. గీత మాత్రం వంకరపోయింది."

వడ్రంగి స్కేలు పెట్టాడు. నిజమే, రెండు మిల్లీమీటర్లు జరిగింది. పట్టీ ఎత్తి చూస్తే దాని కిందున్న చెక్క పలక నాని మెత్తబడి, పట్టీని బిగించే మర మేకు అందులో వదులుగా తిరుగుతోంది. తన సుత్తి తగిలిన బోల్టు దానికి జానెడు దూరంలో ఉంది. వడ్రంగి వెంటనే పార్కు మేనేజరుకు ఫోన్ చేశాడు.

"పదింటికి తెరవలేమండీ. పదకొండున్నరవుతుంది."

మేనేజరు కాస్త గొణిగి, "నువ్వు వద్దన్నాక నేను తెరుస్తానా? కానివ్వు" అన్నాడు.

ఇద్దరు పనివాళ్లు కొత్త పలక మోసుకొచ్చారు. పాతది కోసి తీసి, కొత్తది అమర్చి, పైన పట్టీ పరిచారు. వియ్యంకుడు భయం సంగతే మరిచాడు. ఒంటికన్నుతో గురిచూస్తూ, "లోపలికి... ఇంకొంచెం... ఆఁ, అక్కడ ఆపండి!" అని అందరినీ ఆడించాడు. స్కేలు పెడితే వెంట్రుకవాసి తేడా లేదు.

ఖాళీ బండి మూడుసార్లు తిప్పారు. ఆ తర్వాత బాగుచేసినవాళ్లే ముందు ఎక్కాలి, అక్కడి పద్ధతి అది. కుదుపు బాగా తెలిసేది చివరి పెట్టెలోనే కాబట్టి వడ్రంగి అక్కడ కూర్చున్నాడు. చూస్తే పక్కన వియ్యంకుడు.

"గురి చూసింది నేనైతే, ఎక్కేది మీరొక్కరేనా?"

బండి వాలులోకి దూకగానే ఆయన వడ్రంగి చెయ్యి పుచ్చుకుని, మొదటి మలుపు నుంచి ఆఖరి మలుపుదాకా ఆపకుండా అరిచాడు. ఆగాక జుట్టు సర్దుకుంటూ, "కుదుపేమైనా తగిలిందా?" అని అడిగాడు.

"మీ కేకలకు చెవులు పోయాయి గానీ, వెన్న మీద నడిచినట్టే ఉంది."

గేట్లు తెరిచారు. వడ్రంగి పరికరాలు తుడిచి పెట్టెలో పెట్టుకుంటుంటే, వరసలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ ఒకావిడతో వియ్యంకుడు గట్టిగా చెబుతున్నాడు. "ధైర్యంగా ఎక్కండమ్మా. పొద్దున్నే అంతా మేం చూశాం."

ఆ 'మేం' విని వడ్రంగి తనలో తనే నవ్వుకున్నాడు. పొద్దుట్నుంచీ ఇద్దరూ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి, చేతులు కడుక్కుని ఆయన్ని పిలుచుకురావడానికి వెళ్లాడు.