మేలిరకం రింగు

ఆ ఫ్యాక్టరీ మేనేజరుకు పనివాళ్లు పెట్టుకున్న పేరు మేలిరకం. పెట్టరూ మరి? గోడకు కొట్టే మేకు దగ్గర్నుంచి కుర్చీ మీద పరిచే తువ్వాలు దాకా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "వీటిల్లో అన్నిటికన్నా ఖరీదైనది ఏది?" తెలిసిందా, ఇక అదే మేలిరకం. వస్తువు దేనికి పనికొస్తుందో కనుక్కోవడం చిన్నవాళ్లు చేసే పని అని ఆయన నమ్మకం.

ఈ నమ్మకానికి కారణం లేకపోలేదు. కిందటేడు వేడినూనె పంపు కారుతుంటే, అందులోని నల్ల రబ్బరు రింగులు తీయించి అన్నిటికన్నా ఖరీదైన గోధుమరంగువి వేయించాడు. పంపు ముక్కలు రెండూ కలిసేచోట గాడిలో కూర్చుని, చుక్క బయటికి రాకుండా కాపలా కాసే సన్నని రింగులవి. ఓ-రింగులంటారు. గోధుమరంగువి వేడినూనెకు దివ్యంగా ఆగాయి. యజమాని భుజం తట్టాడు. ఆ రోజు లేచిన భుజం ఇంతవరకూ దిగలేదు.

ఇప్పుడు కొత్తగా ఎసిటోన్ నింపే లైను పెట్టారు. ఎసిటోన్ అంటే ఎవరికీ తెలియనిదేం కాదు, ఆడపిల్లలు గోళ్లరంగు తుడుచుకునే మందులో ఉండేదే. పీపాలకొద్దీ ఉన్నప్పుడు మాత్రం దాంతో ఆటలు కాదు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. దీనికీ గోధుమరంగువే అని మేలిరకం తేల్చేశాడు.

ఆ మాట వినగానే స్టోరు చూసుకునే ఆవిడ భయపడి రింగుల పెట్టె మూత తెరిచింది. అందరూ స్టోరక్క అని పిలిచే ఆవిడ పదహారేళ్లుగా ఆ రింగుల మధ్యే ఉంటోంది. పెట్టె మూత లోపల ఒక పట్టిక అంటించి ఉంటుంది, ఏ రబ్బరు దేనికి ఆగుతుందో. గోధుమరంగు రబ్బరుకు ఎదురుగా ఎసిటోన్ గడిలో ఇంటూ గుర్తు ఉంది. నల్లగా ఉన్నవన్నీ ఒకే రబ్బరు కాదు. వాటిలో ఈపీడీఎం అని రాసి ఉన్న చవకరకానికి మాత్రం టిక్కు ఉంది. అక్షరం ముక్క రానివాడికి కూడా అర్థమయ్యేటట్టు, ఎరుపులో ఒకటి, పచ్చలో ఒకటి.

అయినా ఆవిడ భయం పట్టిక గురించి కాదు. లైను మొదలుపెట్టే రోజు అందరూ అద్దాల గదిలో నిలబడతారు. పంపు దగ్గర నిలబడి వాల్వు తిప్పేవాడు ఒక్కడే, ఫిట్టరు. ఆ ఫిట్టరు ఆవిడ మొగుడు. రింగు తప్పుకుందంటే ఎసిటోన్ చిమ్మేది ఆయన మొహానికే, పక్కనే వేడెక్కిన మోటారు.

"మీరైనా ఆ మేనేజరుకి చెప్పొచ్చుగా" అంది ఇంట్లో మొగుడితో.

"పదకొండేళ్లుగా చూస్తున్నా ఆయన్ని. ఆ రోజు ఎవరెక్కడ నిలబడాలో రాసిన జాబితాలో నా పేరు ఆయనే స్వయంగా రాశారు తెలుసా? నమ్మకం ఉండబట్టేగా."

"నమ్మకం మీ మీదా, రింగు మీదా?"

"నువ్వూ నీ పెట్టె మూతా" అని ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మంచివాడే. కాకపోతే పెద్దవాళ్లు పేరు పెట్టి పిలిస్తే చాలు, కరిగి నీరైపోతాడు. ఇలాంటివాడితో వాదించడం కన్నా చూపించడం మేలనుకుని, ఆవిడ కూతురి గోళ్లరంగు తుడిచే మందు రెండు గాజుసీసాల్లో పోసి, ఒకదాంట్లో గోధుమరంగు రింగు, ఇంకోదాంట్లో ఆ నల్లది వేసి, మూతలు బిగించి వంటింటి గట్టుమీద పెట్టింది.

పొద్దున్నే ముందుగా చూసింది అత్తగారు. "ఇదేంటే కోడలా, దీనికి గవదబిళ్లలు లేచాయా?"

గోధుమరంగుది ఒళ్లంతా ఉబ్బి, మెత్తబడి, సీసా కదిపితే జెల్లీలా ఊగుతోంది. నల్లది నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. ఫిట్టరు రెంటినీ చూశాడు. "అది గోళ్లరంగు సరుకు, ఫ్యాక్టరీ సరుకు వేరు" అన్నాడు. అన్నాడే గాని, బూటు లేసు రెండుసార్లు విప్పి కట్టుకున్నాడు.

ఆవిడ ఆ సీసాలు తీసుకెళ్లి మీటింగులో మేలిరకం ముందు పెట్టింది. ఆయన ఉబ్బిన రింగును రెండు వేళ్లతో నొక్కి చూశాడు.

"ఉబ్బితే మంచిదేగా, ఇంకా బిగుతుగా పట్టుకుంటుంది." చుట్టూ నాలుగు తలలు ఊగాయి.

"ఉబ్బినది మెత్తబడుతుందండీ. ఒత్తిడికి నలిగి గాడిలోంచి బయటికొస్తుంది."

"నిన్న నీళ్లు పోసి నడిపి చూశాం. చుక్క రాలేదు."

"నీళ్లకైతే సైకిలు ట్యూబు ముక్క వేసినా ఆగుతుందండీ."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. మేలిరకం సీసా పక్కకు జరిపాడు. "అమ్మా, నువ్వు స్టోరు చూసుకో. ఎంపిక సంగతి మేం చూసుకుంటాం."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడికి నాలుగోది చూపిస్తే ఏం లాభం, కుందేలుదే తప్పంటాడు. ఆవిడకు ఏడుపొచ్చింది. దాన్ని మించి కోపమొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఇక్కడ కాలేది వాళ్ల చేతులు కాదు, తన మొగుడి మొహం.

మర్నాడు యజమాని వచ్చాడు. అందరి నెత్తినా తెల్ల టోపీలు, అందరి మొహాల్లోనూ పెళ్లికళ. స్టోరక్క తిన్నగా యజమాని దగ్గరికి నడిచింది.

"అయ్యా, ఈ రింగులు మేనేజరుగారు స్వయంగా ఎంచినవి. ఎవరెంత చెప్పినా పట్టుబట్టి వేయించారు. మొదటిసారి వాల్వు కూడా ఆయన చేత్తోనే తిప్పితే బాగుంటుందండీ."

"అంతకన్నా కావాల్సిందేముంది" అన్నాడు యజమాని మురిసిపోతూ. "వెళ్లవయ్యా, నువ్వే తిప్పు."

మేలిరకం పంపు వంక, పక్కనున్న మోటారు వంక చూశాడు. "ఒక్క గంట ఆగండి సార్, చిన్న సర్దుబాటు ఉంది" అని యజమానిని టీకి పంపించి, గబగబా స్టోరు కిటికీ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ నల్లవి ఉన్నాయా?"

ఆవిడ ఆయన వంక తేరిపార చూసింది. "ఉన్నాయండీ. మా ఆయన పేరు రాసిననాడు కూడా ఉన్నాయి."

 మేలిరకం చెయ్యి చాపాడు. చీటీ మీద ఆయనచేతే సంతకం పెట్టించుకుని రింగులిచ్చింది.

పంపు విప్పి మార్చింది ఫిట్టరే. "ఇదేంటి సార్, గోధుమరంగువి కదా..." అనబోతే, "చెప్పింది చెయ్" అన్నాడు మేలిరకం. ఫిట్టరు నల్లవి బిగించాడు. గంట తర్వాత మేలిరకం వాల్వు తిప్పాడు. చుక్క కారలేదు. "చూశారా, ఖరీదుకు తగ్గ సరుకు" అన్నాడు యజమాని. మేలిరకం కాదనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, ఫిట్టరు తప్ప.

సాయంత్రం ఇద్దరూ నడిచి ఇంటికి వస్తున్నారు.

"నా పేరు రాసినప్పుడు ఆయనకి తెలుసంటావా?"

తెలియదేమోలే అనొచ్చు. ఆవిడకు నోరు రాలేదు. "నేను వాల్వు తిప్పమన్నానంతే. నల్లవి ఆయనే అడిగాడు."

వీధి మలుపు వచ్చింది. "పదకొండేళ్లు" అన్నాడు అక్కడ ఆగి. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

వారం తిరక్కుండా రెండో ఎసిటోన్ లైను సిద్ధమైంది. మేలిరకం ఫిట్టరును గదిలోకి పిలిచాడు, పేరు పెట్టి, ఆప్యాయంగా.

"దీనికి గోధుమరంగువి బిగించు. యజమానిగారికి అవంటే గురి కుదిరింది."

ఫిట్టరు పానా బల్లమీద పెట్టాడు. "అలాగే బిగిస్తాను సార్. వాల్వు మీరు తిప్పుతారా, నల్లవి తెమ్మంటారా?"

మేలిరకం కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"నల్లవే తే" అన్నాడు.