వంగి లేవలేని దేవుడు

తైనాన్‌లో మా గుడి ఊరేగింపుకు ఎత్తయిన దేవుడి బొమ్మలో దూరి నడిచేవాడు మా అన్న సుయ్‌హెంగ్. అతని నడుం పడిపోయాక ఎవరూ ముందుకు రాలేదు. ఈ ఏడు నడవకపోతే బొమ్మను మూలన పెట్టేస్తామన్నారు పెద్దలు. అందుకని బొమ్మ బరువుకు తగ్గ మోటార్లు, కంట్రోలర్, బ్యాటరీలు ఎంచి లోపల బిగించాను.

వీధంతా చక్కగా నడిచింది. గుడి ముందు మూడుసార్లు వంగందే దేవుడు లోపలికి రాకూడదు. మొదటిసారి వంగి లేవబోతుండగానే కంట్రోలర్ కాలిపోయింది.

"నడకకే లెక్కేశావట్రా? నా నడుం విరిగింది వంగి లేవడానికేరా, వెర్రి తమ్ముడూ!"

"దేవుడికే ఇంత బరువైన దండం ఎందుకన్నా?"

అన్న చేతికర్ర పారేసి, తనే దూరదామని బొమ్మ అంగీ ఎత్తాడు. అతను నిలబడే చోటంతా నా బ్యాటరీలే ఉన్నాయి.