ఇంకో సీసా నెత్తురు

డాక్టర్ లలితది అనంతపురం. భర్త మల్లికార్జున యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పేవాడు కాబట్టి కాపురం తార్నాక పక్కనున్న క్యాంపస్ క్వార్టర్సులో. ఆమె నగరంలోని ఒక పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు. గుండె ఆపరేషన్లు ఇంకా కొత్తగా ఉన్న రోజులవి, 1968. ఊపిరి పోసే మిషను ఆసుపత్రి మొత్తానికి ఒకటే ఉండేది. దాన్ని చూసుకునే బాధ్యత లలితది.

ఆ మిషను పక్కన కూర్చున్నప్పుడల్లా ఒకే సందేహం ఆమెను తొలిచేది. ఆపరేషనయిన మనిషికి బీపీ పడిపోతుంది. నెత్తురు ఎక్కిస్తే కొందరు తేరుకుంటారు. కొందరికి అదే ఊపిరితిత్తుల్లో నీరై ప్రాణం మీదికి వస్తుంది. ఎవరికి ఏమవుతుందో ఎక్కించాక గానీ తెలియదు.

సెలవు రోజుల్లో భర్త ల్యాబుకు వెళ్ళి, మత్తిచ్చిన కుక్కకు పంపుతో ఊపిరి పోస్తూ, మసి పట్టించిన కాగితం మీద నాడి గీసే గీతను చూస్తూ ఉండేది. కుక్క ఒంట్లో నెత్తురు తక్కువగా ఉంటే, పంపు గాలి నెట్టిన ప్రతిసారీ గీత కిందికి జారేది. బల్లను వెనక కాళ్ళవైపు ఎత్తితే మళ్ళీ పైకి లేచేది.

"మనుషులకూ ఇట్లే ఉంటుందని ఏముంది?" అన్నాడు మల్లికార్జున.

"చూస్తే గదా తెలిసేది," అంది లలిత.

ఆ ఎండాకాలంలోనే భారతమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఆమె భర్త రాజలింగు క్యాంపస్ హాస్టల్లో వంటమనిషి. తార్నాకలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం ఆమె గుండెలో ఒక కవాటాన్ని ఇరుకు చేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. సర్జన్ ఆదినారాయణ ఆపరేషను చేసి ఆ కవాటాన్ని వెడల్పు చేశాడు. ఆపరేషను బాగానే అయింది. మర్నాడు పొద్దున, ఇంకా ఊపిరి మిషను మీద ఉండగానే, బీపీ పడిపోయింది.

ఆదినారాయణ మంచం పక్కన నిలబడి ఆలోచిస్తున్నాడు. "నెత్తురు పెడదామంటే ఊపిరితిత్తులు నిండుతాయేమోనని భయం. పెట్టకపోతే ఇట్లాగే జారిపోతుంది."

లలిత భారతమ్మ మణికట్టు పట్టుకుని ఉంది. మిషను గాలి నెట్టినప్పుడల్లా నాడి సన్నబడుతోంది. గాలి వదిలాక మళ్ళీ నిండుతోంది.

"సార్, ముందు కాళ్ళెత్తి చూద్దాం," అంది.

"ఎందుకమ్మా?"

"ఆమె కాళ్ళలో ఉండే నెత్తురునే గుండెకు పంపినట్లవుతుంది. గుండె దాన్ని పుచ్చుకుంటే బీపీ పెరుగుతుంది. లేదంటే కాళ్ళు దించేస్తాం. ఎక్కించిన సీసాను వెనక్కి తీసుకోలేం గదా సార్."

ఆదినారాయణ తలూపాడు. నర్సు ప్రమీలమ్మ రెండు కాళ్ళూ పట్టుకుని మెల్లగా పైకెత్తింది. లలిత బీపీ చూసింది. పెరిగింది. కాళ్ళు దించి, కాసేపాగి మళ్ళీ చూస్తే తగ్గింది. అప్పుడు నెత్తురు సీసా తగిలించారు. మధ్యాహ్నానికల్లా భారతమ్మ చేతులు వెచ్చబడ్డాయి.

అంతా కుదుటపడిందనుకుంటుండగా సాయంత్రం బీపీ మళ్ళీ పడింది.

ఈసారి ఆదినారాయణకు సందేహం లేదు. "పొద్దున పనిచేసింది కదా. ఇంకో సీసా పెట్టు."

లలితకూ అలాగే అనిపించింది. అయినా నాడి పట్టుకుంది. సన్నగానే ఉంది గానీ, మిషను నెట్టినా వదిలినా ఒకే తీరుగా కొట్టుకుంటోంది. ప్రమీలమ్మ మళ్ళీ కాళ్ళెత్తింది. బీపీ ఉన్నచోటే ఉంది. లలిత రెండోసారి ఎత్తించి చూసింది. మార్పు లేదు.

"వద్దు సార్. గుండె అలసిపోయింది. దానికి బలం మందు చుక్కలుగా ఇద్దాం."

"నువ్వనుకున్నది తప్పయితే?"

"కావచ్చు సార్," అంది లలిత. "కానీ ఈ నెత్తురు ఎక్కిస్తే ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు."

ఆదినారాయణ భారతమ్మ ఛాతీలోంచి వచ్చే గొట్టాన్ని చూశాడు. లోపల నెత్తురు కారుతున్న జాడ లేదు, గొట్టం మూసుకుపోనూ లేదు. సరేనన్నాడు.

మందు మొదలుపెట్టి లలిత బయటికి వచ్చింది. వరండాలో రాజలింగు, అతని వెనక హాస్టల్ విద్యార్థులు అరడజను మంది ఉన్నారు.

"డాక్టరమ్మా, పోరగాళ్ళు నెత్తురిస్తమని వచ్చిన్రు. లోపల వద్దంటున్నరంట," అన్నాడు రాజలింగు. "అంటే ఏంది? ఇగ ఆమెకు పెట్టి ఫాయిదా లేదనా?"

వద్దన్న మాట అతనికి అలా వినబడిందని లలితకు అప్పుడర్థమైంది.

"అట్ల కాదన్నా. పొద్దున ఆమెకు నెత్తురు కావలసి వచ్చె, ఇస్తిమి. ఇప్పుడు గుండె అలసిపోయింది. అలసినోడి నెత్తిన ఇంకో మూట పెడితే నడుస్తాడా? దానికి సత్తువ రావల్ల. ఆ మందే ఇస్తా ఉన్నాం."

రాజలింగు లోపలి తలుపు వైపు చూశాడు. "మీరు గాడనే ఉంటరా?" అని మాత్రం అడిగాడు.

"ఉంటానన్నా."

లోపలికి వెళ్ళి మంచం పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. మందు చుక్కలు ఒకసారి పెంచింది. చీకటి పడే వేళకు బీపీ కాస్త కదిలింది, తర్వాత నిలబడింది. నెత్తురు మళ్ళీ ఒంటికంతా అందుతోందన్నట్టు ప్రమీలమ్మ మూత్రం సీసా చూపించి నవ్వింది. నిండుతోంది. ఆ నవ్వు చూశాకే లలితకు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది.

తర్వాత మిషను తీసేశారు. భారతమ్మ సొంతంగా ఊపిరి తీసుకుంది.

"డాక్టర్ల మీటింగులో ఈ సంగతి చెప్పమ్మా," అన్నాడు ఆదినారాయణ.

"ఒక్క మనిషిని చూసి ఏం చెప్పేది సార్? ఇంకా చూడాల."

"అయితే చూడు. నా పేషెంట్లందరినీ చూడు."

భారతమ్మ ఇంటికి పోయిన కొన్నాళ్ళకు, క్యాంపస్‌కు వెళ్తూ లలిత తార్నాకలో బస్సు దిగి వాళ్ళ గదికి వెళ్ళింది. భారతమ్మ గుమ్మంలో కూర్చుని చింతచిగురు ఏరుతోంది. రాజలింగు గబగబా కుర్చీ తెచ్చి వేశాడు.

"ఆయాసం వస్తా ఉందా?" అని అడిగింది లలిత.

"వస్తలేదమ్మా. నల్లా కాడ నీళ్ళు నేనే పట్టుకొస్తనంటే ఈయన ఇనడు. బిందె ఎత్తొచ్చునా, ఎత్తొద్దా, మీరే చెప్పున్రి."

"ఇంకో నెల ఆగమ్మా."

భారతమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. రాజలింగు బిందె భుజాన పెట్టుకుని నల్లా వైపు నడిచాడు.