నాకు మెడ ముక్క ఇష్టమట

పొద్దున ఫలహారం కాగానే నా ప్లేటుతో పాటు పక్కవాళ్ల ప్లేట్లు కూడా ఒకదాని మీద ఒకటి పేర్చి లేచాను. గుడ్డు పెంకులన్నీ పై ప్లేటులోకి వేలితో నెట్టి, కడిగే చోటు ఎక్కడుందా అని చుట్టూ చూశాను. అది చైనాలో చెంగ్డూ నగరం, మేం బస చేసిన హోటల్. వడ్డించే అమ్మాయి పరుగున వచ్చి నా చేతుల్లోంచి ప్లేట్లు లాక్కున్నంత పని చేసింది.

హిమజ పకపకా నవ్వింది. "ఇక్కడ కూడా అంట్లు తోమేస్తావా ఏంటి?"

"యాదిమర్చిన, ఇల్లనుకున్న," అన్నాను సిగ్గుపడి.

"యాదిమర్చినా! సినిమాల్లో రౌడీలు మాట్లాడినట్టే ఉంటుంది నీ తెలుగు."

హిమజది గుంటూరు. నీటి వనరుల మీద పరిశోధన చేసే విద్యార్థుల కోసం అక్కడి విశ్వవిద్యాలయం రెండు వారాల శిక్షణ పెడితే, మన రాష్ట్రం నుంచి వెళ్లిన కొద్దిమందిలో మేమిద్దరమే ఆడపిల్లలం. ఒకే గదిలో ఉన్నాం. ఆమె మనసులో ఏమీ పెట్టుకోదని తెలుసు. అయినా ఆ మాట గుచ్చుకుంది.

అది రెండువేల పదకొండు. మా దగ్గర సకల జనుల సమ్మె నడుస్తోంది. మా ఆయన ప్రకాశ్ భూపాలపల్లిలో బొగ్గు బాయి, అంటే గని, కార్మికుడు. బాయి దిగడం మానేసి రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. జీతం రాకపోయినా వెనక్కి తగ్గలేదు. దానికి నాకు గర్వంగానే ఉండేది. తెలంగాణ రావాలని ఆయనకెంత ఉందో నాకూ అంతే ఉంది. కాకపోతే ఆ సకల జనుల్లో పొయ్యి దగ్గరి మనిషిని లెక్కలోకి తీసుకున్నట్టు లేరు. బస్సులాగాయి, రైళ్లాగాయి, బడులు మూతపడ్డాయి, మా వంటిల్లు మాత్రం ఆగలేదు. పైగా పనిలేక ఇంటికొచ్చిన మగవాళ్లకి పూటపూటకీ చాయ్‌లు. నడిరోడ్డు మీద వంటా వార్పు పెట్టిన రోజున రాళ్లు పేర్చి, పొగకి కళ్లు మండుతుంటే కట్టెలు ఊది, పెద్ద గంజులో అన్నం వార్చింది ఆడవాళ్లమే. మగవాళ్లు నినాదాలిచ్చి వరసగా కూర్చుని తిన్నారు. వాళ్లకది ఉద్యమం. మాకు రోజూ ఉండే పొయ్యే, చోటు మారిందంతే. అందరూ తిన్నాక గంజు అడుగున మాడు గీరుకుంటుంటే, నువ్వు తిన్నావా అని అడిగినవాళ్లు లేరు.

మాది గార్ల దగ్గర తండా. మా బాపు జాల్యా నన్ను మహబూబాబాద్ హాస్టల్లో వేసి చదివించాడు. పెళ్లయ్యాక కూడా చదువు వదల్లేదు. జనగామ వైపు, కొడకండ్ల చుట్టుపక్కల ఎండిపోయిన పాత కాలువల మీద పరిశోధన నాది. చైనా పిలుపు వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. మేం ఇంట్లో లంబాడీలో మాట్లాడుకుంటాం, ఆ మాటల్నే తెలుగులో చెబుతున్నాను.

"పోతె పో. అచ్చినంక మాత్రం చదువు బంజెయ్యాలె. ఎండిన కాల్వలు కొల్సుకుంట తిరుగుడు గదేం పని? నేనొప్పుకుంటున్న గాబట్టి పోతున్నవ్, అది మర్చిపోకు," అన్నాడు ప్రకాశ్.

తలూపాను. మా అత్త భద్రమ్మ అప్పటిదాకా గడప మీద కూర్చుని మౌనంగా వింటోంది. "పోనియ్యిరా. నువ్వు పస్తుండవు తియ్యి, గంటె నేను పట్టుకుంట," అంది. ఆ ఒక్క మాటతోనే నా ప్రయాణం ఖాయమైంది.

హిమజ నా తెలుగుకి నవ్విన ఆ రోజే మమ్మల్ని చెంగ్డూ బయట దుజియాంగ్‌యాన్ అనే చోటికి తీసుకెళ్లారు. మా వెంట వచ్చింది లీ మేడం. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నదీ శాస్త్రం చెప్పే పెద్దావిడ. మాకోసం ఇంగ్లిష్‌ని నెమ్మదిగా, మాట తర్వాత మాట పేర్చినట్టు మాట్లాడేది. అక్కడ మిన్ నదిని రెండువేల ఏళ్ల కిందటే ఆనకట్ట లేకుండా రెండుగా చీల్చారు. నది నడుమ చేప మూతిలాంటి రాతి గట్టు. వెదురు బుట్టల్లో రాళ్లు నింపి మొదట ఆ గట్టు కట్టారట. వరదొస్తే ఎక్కువ నీళ్లు అవతలి పాయలోకి, ఎండాకాలం ఎక్కువ నీళ్లు పొలాల కాలువలోకి. ఆ నీళ్ల చప్పుడు వింటూ నిలబడితే నాకు కొడకండ్ల కాలువల్లో పగిలిన మట్టి కనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చలికాలంలో ఊళ్ల నుంచి జనం వచ్చి పూడిక తీసేవాళ్లు," అంది లీ మేడం.

"వాళ్లకు వంట ఎవరు చేసేవాళ్లు?" అని నా నోటి నుంచి వచ్చేసింది. మా జట్టులో ఒకతను కిసుక్కున నవ్వాడు. లీ మేడం నవ్వలేదు. "ఈ ప్రశ్న నన్నింతవరకూ ఎవరూ అడగలేదు. నాకూ తెలియదు. మీ కాలువల దగ్గర ఎవరు వండారో, ఎవరు మట్టి మోశారో నువ్వు కనుక్కో. నీ పరిశోధనలో అది ఉండాలి," అంది. నా ప్రశ్న ఒక ప్రశ్నేనని ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడ.

మధ్యాహ్నం నది ఒడ్డున భోజనం. గుండ్రటి బల్ల, మధ్యలో తిరిగే అద్దం, దాని మీద గిన్నెలు. అలవాటు ప్రకారం వంటగది తలుపు పక్కన కూర్చున్నాను. గిన్నె నా ముందుకొచ్చి ఆగినప్పుడల్లా పక్కకి తిప్పేస్తున్నాను. అందరూ వేసుకున్నాక చూద్దామని. లీ మేడం చేయి చాచి అద్దాన్ని ఆపేసింది. "ఇది నీ దగ్గరికొచ్చింది. ముందు నువ్వు తీసుకో," అంది.

తీసుకున్నాను. నడుమ చిల్లులున్న తామర దుంప ముక్కలు కరకరలాడాయి. సోయా పాలతో చేసిన జున్నులాంటిది ఎర్రటి కారంలో వణుకుతోంది. మిరప కల్లాల మధ్య పుట్టినదాన్ని, కారం నన్నేం చేస్తుందిలే అనుకుని నోట్లో పెట్టుకున్నాను. అందులో వాళ్ల మిరియంలాంటి గింజ ఏదో పడి, పళ్ల డాక్టరు సూది వేసినట్టు నాలుక మొద్దుబారిపోయింది. హిమజ నా మొహం చూసి గ్లాసు అందించింది. అందులోనివీ వేడి నీళ్లే. ఇద్దరం కళ్లు తుడుచుకుంటూ నవ్వాం.

తర్వాత బాతు మెడలు వచ్చాయి. అక్కడ అది ప్రత్యేకమైన వంటకమట. హిమజ మొహం తిప్పుకుంది. నాకు ప్రకాశ్ మాట గుర్తొచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా, "మా రాజీకి మెడ ముక్కంటే పాణం," అని చెబుతాడు. కోడి కోస్తే కాలు ఆయనకి, కార్జం మరిదికి, మెత్తటి ముక్కలు మామకి. అందరూ లేచాక గిన్నెలో మెడ ఉండేది. మొదట్లో ఎవరో, "అదెందుకు తింటున్నవ్?" అంటే, "నాకిదే ఇష్టం," అన్నాను. ఆ తర్వాత నేను కూడా నమ్మేశాను.

బాతు మెడ తీసుకుని కొరికాను. ఎముక, నరం, మధ్యలో ఇంత కండ. నమిలి నమిలి చూశాను. నచ్చలేదు. ఇదొక్కటే కాదు, నాకసలు మెడ ముక్క ఎప్పుడూ నచ్చలేదు. ఇంత చిన్న విషయం తెలియడానికి ఎంత దూరం రావలసి వచ్చిందో!

"నీకేం ఇష్టం?" అని అడిగింది లీ మేడం. ఎవరికి ఉప్పు తక్కువో, ఎవరికి రొట్టె మెత్తగా ఉండాలో నాకు తెలుసు. నా గురించి తెలియదు. ఆవిడ నా ఇబ్బంది చూసి మళ్లీ అడగలేదు. అద్దాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఒక్కొక్క గిన్నె నా ముందు ఆపింది. ఆవిరి మీద ఉడికిన నది చేప, అల్లం సన్నగా తరిగి వేసింది, నోట్లో వెన్నలా కరిగింది. రెండోసారి వేసుకున్నాను. మూడోసారి కూడా.

భోజనమయ్యాక నది మీది వేలాడే వంతెన ఎక్కాం. అడుగు పెడితే ఊగుతోంది. కింద నీళ్లు హోరుమంటున్నాయి. హిమజ సగంలో ఆగిపోయి కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఏం గాదు. నా బుజం మీద చెయ్యేసి నడువు. కిందికి సూడకు," అన్నాను.

ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఇంకోసారి అను రాజీ. ఆ 'ఏం గాదు' వింటే ధైర్యంగా ఉంది." అవతలి ఒడ్డు చేరేదాకా ఆ మాటే అంటూ నడిపించాను. ఒడ్డుకి చేరాక, "పొద్దున అలా అనకుండా ఉండాల్సింది," అంది మెల్లిగా. నేను ఆమె చేయి నొక్కి వదిలాను.

ఆ వంతెనని ఆలుమగల వంతెన అని కూడా అంటారట. వెనకటికి హ అనే ఇంటిపేరున్న పంతులు దాన్ని కట్టించడం మొదలుపెట్టి, పూర్తికాకముందే హత్యకు గురైతే, ఆయన భార్య పూర్తి చేయించిందని చెప్పుకుంటారని లీ మేడం చెప్పింది.

"ఆమె పేరేంటి?"

"పంతులు పేరు మాకు తెలుసు. ఆవిణ్ణి హ గారి భార్య అనే అంటాం," అంది ఆవిడ. ఆ మాట అన్నాక తనకే ఏదో తట్టినట్టు ఆగిపోయింది. ఇద్దరం వెనక్కి తిరిగి ఆ వంతెనని చూస్తూ చాలాసేపు నిలబడ్డాం. నా కాళ్ల కింద నేల గట్టిగా ఉంది. మనసు కూడా అక్కడే కుదుటపడింది.

హోటల్‌కి రాగానే ఇంటికి ఫోన్ చేశాను. అత్త ఎత్తింది.

"ఏం తిన్నవ్ బిడ్డా?"

నా పెళ్లయినప్పటి నుంచి నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. చేప గురించి, మొద్దుబారిన నాలుక గురించి చెబితే పగలబడి నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు పోయినంక తెలిసిందే, నువ్వెంత జేస్తుంటివో. నా మోకాళ్లు పట్టేసినై. నిన్నటి సంది నీ మొగనితోనే వండిస్తున్న. సమ్మెల ఖాళీగనే ఉన్నడు గద," అంది.

"అత్తమ్మా, నేను చదువు బంజెయ్య."

"గా మాట నాకెందుకు చెప్తున్నవ్? వానికి చెప్పు. ఇగో, ఇస్తున్న," అంది. ఫోన్ చేతులు మారుతుంటే, "మంచిగ ఇను, నడుమ మాట్లాడకు," అని కొడుకుతో అనడం వినిపించింది. ఆవిడకి ఎన్ని జన్మలకీ తీరనంత రుణపడ్డాననిపించింది.

ప్రకాశ్‌తో చెప్పాను. పరిశోధన పూర్తిచేస్తానని, అందుకోసం వరంగల్ హాస్టల్లో ఉంటానని, సెలవులకి వస్తానని చెప్పాను.

"నేనొప్పుకోవద్దా మల్ల?" అన్నాడు.

"నేను అడుగుతలేను. చెప్తున్న."

సరే అనలేదు. కాదనీ అనలేదు. ఇంతలో హిమజ తలుపు తట్టి, భోజనానికి రమ్మని పిలిచింది.

"ఉంట మరి. బువ్వకు పోవాలె, నాకు ఆకలైతుంది," అని ఫోన్ పెట్టేశాను.