ఎదురొచ్చిన బండి

పెండ్లి బండి దీపాలు ఆరగూడదన్నాడు హనుమాండ్లు. ఆయన అన్నాడంటే ఆ ఇంటికి అది శాసనమే. తమ్ముడు పోయిన నాటి నుంచి ఎల్లారెడ్డిలోని ఆ ఇంట్లో లగ్గమైనా చావైనా ఆయన నోటి మాట మీదే నడవాలి. దుర్ముహూర్తం దాటేదాకా పెండ్లికొడుకు గడప దిగొద్దన్నాడు. అందాకా పూలు కట్టిన కారుకు హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉండాలన్నాడు. పాటలు కూడా పెట్టించాడు. ఇంజిను మాత్రం ఆపించాడు, ఆయిల్ దండగని.

దుర్ముహూర్తం దాటింది. తమ్ముడి చిన్నకొడుకు నితీష్ బాసింగం కట్టుకుని వచ్చి కారులో కూర్చున్నాడు. డ్రైవర్ స్టార్ట్ చేయబోతే బండి టిక్కుటిక్కుమని ఊరుకుంది. పాట సగంలో ఆగింది, దీపాలు కూడా ఆరిపోయాయి. శకునాలకు భయపడి బ్యాటరీని చంపుకున్న పెద్దమనిషి ఎవరి వంకా చూడకుండా కండువా సర్దుకున్నాడు.

వంటింట్లో పల్లవి ఆ టిక్కుటిక్కు విన్నది. వినగానే రోగమేమిటో తెలిసింది. ఆమె నితీష్‌కు వదినె. మొగుడు సతీశ్ గుండె ఆగి పోయాక అతని కారును తనే నేర్చుకుని, రోగులనూ కాలేజీ పిల్లలనూ రోజూ కామారెడ్డికి తిప్పుతోంది. నితీష్‌కు సంబంధం చూసింది ఆమే, పెండ్లి బట్టలు ఏరింది ఆమే. వాడు గడప దిగేటప్పుడు ఎదురుగా నిలబడి చూడాలని ఆమె ఆశ. పెద్ద ఆశేమీ కాదు. కానీ నిన్న పొద్దుగూకాక హనుమాండ్లు వచ్చి, "కారు కదిలేటప్పుడు మీరిద్దరు ఎదురు రావద్దు. మేం పోయినంక మెల్లగ రాండ్రి" అని చెప్పిపోయాడు.

ఇద్దరంటే పల్లవి, ఆమె అత్త కమలవ్వ. ఇద్దరికీ మొగుళ్ళు లేరు. కమలవ్వ ఎప్పటిలాగే తలూపింది. పెద్దకొడుకు లగ్గం నాడు కూడా ఆమె ఇలాగే తలుపు వెనక ఉండిపోయింది. కన్నకొడుకు బాసింగంతో ఎలా ఉన్నాడో ఫొటోలో చూసుకుంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా పల్లవికి ఒళ్ళు మండుతుంది.

బయట హడావుడి మొదలైంది. తోద్దామంటే అది ఆటోమేటిక్ గేరు బండి, తోస్తే స్టార్ట్ కాదు. చుట్టాల బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. మెకానిక్ ఫరీద్ కూడా పెండ్లికని అదే బస్సులో ఉన్నాడు. నితీష్ ఫోన్ చేసి అందరికీ వినబడేలా పెట్టాడు.

"గింత దానికి పరేషాన్ ఎందుకే? పల్లవక్క బండిల బ్యాటరీలు కలిపే వైర్లుంటయ్. రెండు బండ్లు ముక్కుకు ముక్కు ఎదురు పెట్టి కలుపుండ్రి, అయిపోతది" అన్నాడు ఫరీద్.

ఎదురు అనే మాట పడగానే అందరూ హనుమాండ్లు వైపు చూశారు.

"పక్కకు పెట్టి కలపరాదా?" అన్నాడు హనుమాండ్లు.

"ఈ సందుల పక్కకు జాగేడుంది కాకా? రెండు దిక్కులా గోడలే" అన్నాడు డ్రైవర్.

"ఎనుకకెల్లి?"

"బ్యాటరీ ముందటుంటది కాకా. ఎనుక డిక్కీ ఉంటది."

హనుమాండ్లు వంటింటి తలుపు దాకా వచ్చి చెయ్యి చాపాడు. "పల్లవీ, బండి తాళం ఇయ్యి. డ్రైవర్ తెస్తడు."

పల్లవి బయటికొచ్చింది. తాళం పిడికిట్లోనే ఉంది.

"ఇయ్య మామా. బండొస్తె నేనొస్త."

"గిప్పుడు మొండి వట్టకు. బండి ఎదురొస్తె దోషం లేదు."

"ఎట్ల లేదు? బండికి గూడ మొగడు పోయిండు గద. దానికి లేని దోషం నాకేడికెల్లి వచ్చింది?"

గోడ మీదుగా చూస్తున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. హనుమాండ్లు మొహం కందగడ్డయింది.

కారు కిటికీలోంచి నితీష్ తల బయటపెట్టాడు. "వదినె, నువ్వే తే."

"నువ్వూకోరా!" గద్దించాడు హనుమాండ్లు.

"వాడెందుకు ఊకోవాలె మామా? లగ్గం వానిది. వస్త, నేనే వస్త. కాని నిన్న రావద్దన్న నోటితోనే ఇయ్యాల రమ్మనాలె."

హనుమాండ్లు గడియారం చూశాడు, తలెత్తి మొగులు చూశాడు. అవతల కామారెడ్డిలో ఆడపెండ్లివారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. "రా" అని గొణిగాడు.

"ఎట్ల రావాలె?"

"ఎదురు రా తల్లీ!" అరిచినంత పని చేశాడు.

పల్లవికి కడుపు నిండింది. కానీ గేటు వైపు వెళ్ళకుండా వెనక్కి తిరిగి వంటింట్లోకి నడిచింది. కమలవ్వ చెయ్యి పట్టుకుంది. "నడువు అత్తమ్మా."

"నేనెందుకే బిడ్డా? ఆయన నిన్నే పిలిచిండు."

"నీ కొడుకును చూడవా?"

కమలవ్వ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

మసీదు దగ్గర ఆపుకున్న బండిని పల్లవి ఎక్కడా నెమ్మది చేయకుండా సందులోకి తెచ్చింది. హారన్ కొట్టింది. పూల కారు ముక్కుకు తన బండి ముక్కు ఆనించినంత దగ్గర ఆపి, ఇంజిను ఆపకుండానే దిగింది. రెండు బ్యానెట్లూ ఎత్తితే పెండ్లికొడుకు కనబడడని ముందుగా అత్తను దించి పక్కన నిలబెట్టింది. "ఆడనే ఉండు. కదలకు" అని ఎర్ర వైరు, నల్ల వైరు కలపసాగింది.

కమలవ్వ నిలబడి చూసింది. కారులోంచి నితీష్ తల్లికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. బాసింగం పక్కకు జరిగితే సర్దుకుని నవ్వాడు.

"ఎంత మంచిగున్నడే నా కొడుకు!" అన్నది కమలవ్వ, సందంతా వినబడేలా. ఆ మాట అంటూనే ఏడ్చింది. పల్లవికీ కండ్లు మసకబారాయి. మసక కండ్లతోనే ఆఖరి క్లిప్పు ఇంజిను ఇనుముకు పెట్టి డ్రైవర్‌కు సైగ చేసింది.

పూల కారు ఒక్కసారి గునిసి స్టార్టయింది. గోడల మీది ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

హనుమాండ్లుకు ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటే పెత్తనమూ లేచొచ్చింది. "ఆఁ, అయింది గద. పల్లవీ, నీ బండి ఎనుకకు తీసి మసీదు కాడ ఆపుకో. మేం పోయినంక రాండ్రి." ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

పల్లవి నోరు తెరిచేలోపే కమలవ్వ తిరిగింది. ఆ బావ ముందు ఆమె ఏనాడూ తలెత్తి మాట్లాడి ఎరగదు.

"ఎందుకాపాలె బావా? నా కొడుకు లగ్గం. నేను ముందల పోత. నువ్వు ఎనుక రా."

అని తనే వెళ్ళి పల్లవి బండి ముందు సీట్లో కూర్చుని తలుపు ధడాలున వేసుకుంది. "పోనియ్యి బిడ్డా, టైమైతుంది."

పల్లవి వైర్లు విప్పి, బ్యానెట్లు దించి, బండిని వెనక్కి తీసి కామారెడ్డి రోడ్డు ఎక్కించింది. వెనకాలే పూల కారు వచ్చింది. కమలవ్వ అద్దం దించి, దారిలో కనబడ్డ ప్రతివాళ్ళకూ, ఎవరో తెలియనివాళ్ళకు కూడా, "కొడుకు లగ్గానికి పోతున్న" అని చెప్పసాగింది.